మాణిక్యం పొయ్యి ఆర్పేసింది

అనగనగా ఒక తాటాకిళ్ళ ఊళ్ళో మాణిక్యం అని ఒకావిడ ఉండేది కన్నా. నోరు పెద్దది, మనసు మెత్తన. పిల్లాజెల్లా లేరు. ఓ ఎండాకాలం పక్క ఊళ్ళో ఉన్న తమ్ముడి ఇల్లు అంటుకుంది. తమ్ముడూ పోయాడు, మరదలూ పోయింది. ఏడేళ్ళ కూతురు వరాలు ఒక్కతే మిగిలింది. అప్పుడు మాణిక్యం ఏడుస్తూ వెళ్ళి ఆ పిల్లని చంకనేసుకుని తెచ్చుకుంది.

వరాలు ఒంటిమీద ఒక్క బొబ్బ కూడా లేదు. అందుకే అందరూ పిల్ల బాగానే ఉందనుకున్నారు. కానీ పిల్ల మాట్లాడేది కాదు. పొయ్యి వెలిగిస్తే చాలు, గొడ్లపాకలోకి పారిపోయి గేదె వెనక నక్కేది. పొగలు కక్కే అన్నం పెడితే ముట్టేది కాదు. రోజురోజుకీ చిక్కి పుల్లయిపోయింది. ఈ పిల్ల కూడా నాకు దక్కదేమోనని మాణిక్యానికి దిగులు పట్టుకుంది.

మొదట బెల్లంముక్క చూపించి బతిమాలింది. పిల్ల మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత "తిండి మీద అలుగుతావేంటే" అని వీపు మీద ఒకటేసింది. పిల్ల ఏడవను కూడా లేదు. ఆ తర్వాత ఇరుగమ్మలు చేరారు. మన జనానికి సలహాలకేం కొదవ చెప్పు. "దిష్టి తగిలిందే, నూనెగుడ్డ తిప్పు" అన్నారు.

అప్పుడు మాణిక్యం పాత చీర పేలికని నూనెలో ముంచి, కర్రకి చుట్టి, వెలిగించి, ఆ పసిదాని మొహం ముందు మూడుసార్లు తిప్పింది. మండే నూనెబొట్లు సుయ్ సుయ్యని నీళ్ళపళ్ళెంలో పడ్డాయి. మంటల్లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లకి మంటే చూపించింది, చూడు. ప్రేమే కన్నా, కానీ తెలివితక్కువ ప్రేమ. వరాలు నిలబడ్డచోటే లంగా తడుపుకుంది. కళ్ళార్పకుండా ఇంటి కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ చూపు మాణిక్యం చూసింది. అయ్యో, నేనెంత పని చేశాను అనుకుంది. పేలికని పళ్ళెంలో ముంచేసింది. మండే పొయ్యిలో బిందెడు నీళ్ళు కుమ్మరించింది. అశుభమని ఇరుగమ్మలు నోళ్ళు నొక్కుకున్నారు. ఆవిడ వాళ్ళ మొహం కూడా చూడలేదు.

ఆ తర్వాత పక్కింటి పెరట్లో వండుకుని, చల్లారాకే తెచ్చేది. తనూ గేదె పక్కన చతికిలబడి ఆ చల్లన్నమే తినేది. మాట్లాడమని అడగలేదు, దగ్గరికి లాక్కోలేదు. మొదట్లో పిల్ల అటు తిరిగి తినేది. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. అప్పుడొక సాయంత్రం వరాలు ముద్ద చేతిలో పట్టుకునే నోరు విప్పింది.

"అత్తా, అమ్మ నన్ను బయటికి తోసేసింది. నాన్న కోసం మళ్ళీ లోపలికెళ్ళింది. వెళ్ళొద్దని అరవబోయాను. గొంతు రాలేదు."

మాణిక్యం మర్చిపొమ్మనలేదు. "నువ్వు అరిచినా మీ అమ్మ ఆగేది కాదే తల్లీ. నీ తప్పేం లేదు" అంది. అప్పుడు ఏడ్చింది వరాలు.

మర్నాడు మళ్ళీ అదే చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. పెళ్ళీడు వచ్చాక కూడా చెబుతూనే ఉండేది. చెప్పిన ప్రతిసారీ మాణిక్యం చేతిలో పని పక్కన పెట్టి, మొదటిసారి విన్నట్టే వినేది.

కంచికి పోయింది కథ,
ఇంటికొచ్చాం మనం కద.
భయమేస్తే చెప్పు, కన్నా,
పక్కనే నేనున్నా.