రాగ్నమ్మకు మేము ఆలుగడ్డలు వండిన వైనం

నేను ఇంతవరకూ ఏమీ రాయలేదు. అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నా చేత్తో రాసిందల్లా వంటింటి డబ్బాల మీద 'పసుపు', 'జీలకర్ర' అని అతికించిన చీటీలే. నలుగురిలో మాట్లాడాలన్నా నాకు గొంతు పెగలదు. అయినా ఇది నేనే రాయాల్సి వచ్చింది. మా ఇంట్లో మిగతా వాళ్ళంతా నాకన్నా తెలివైనవాళ్ళు. తెలివైనవాళ్ళకు రాసే తీరిక ఎక్కడుంటుంది?

మా ఇంటి తెలివి గురించి ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. చెప్పేటప్పుడు నవ్వుతారు కూడా. అది మా మీద ప్రేమ అంటుంది మా అత్త అండాలమ్మ.

మా మామ మార్కండయ్య చేనేత మనిషి. ఆయనకు మాటంటే మాటే. ఒకసారి డాక్టరు రోజూ పొద్దున నడవమన్నాడు. ఎక్కడ ఆగాలో చెప్పలేదు. అంతే, మామ మూడు ఊళ్ళు దాటిపోయాడు. మా ఆయన భావయ్య సైకిలు మీద వెంటపడి తీసుకొచ్చాడు. "చెప్పని పని ఎట్ల జేస్త? ఆగుమని అన్నడా?" అన్నాడు మామ. డాక్టరుదే తప్పని అందరం ఒప్పుకున్నాం. ఇక మా మరిది జలంధర్. ఫోన్లో "కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించండి" అని వినబడితే ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోతాడు. వానలో అయినా సరే, రోడ్డు మధ్యలో అయినా సరే.

అలాంటి ఇంటికి నార్వే దేశం నుంచి రాగ్న అనే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. మా గుమ్మం కన్నా నాలుగు వేళ్ళు ఎత్తు. తన దేశంలో ఆమె కూడా నేత నేస్తుందట. మా మామ దగ్గర గవ్వల అంచు నేర్చుకోవడానికి వచ్చింది. గవ్వల అంచుకు నూలును నేయకముందే కొలత ప్రకారం సైకిలు ట్యూబు రబ్బరుతో అక్కడక్కడా బిగించి కట్టాలి. కట్టి రంగులో ముంచితే కట్టిన చోట రంగెక్కదు. విప్పి నేస్తే అంచు పొడుగునా గవ్వలు పేర్చినట్టు పడతాయి. ఆ కట్టు ఇప్పుడు మా మామ ఒక్కడికే వచ్చు. మా ఆయనకు ఓపిక లేదు. మరిదికి నడుము నిలవదు. నాకు ధైర్యం చాలదు. అట్లాంటిది, తనకు డెబ్బై దాటాక ఒక మనిషి సముద్రాలు దాటి వచ్చి మగ్గం పక్కన చాప వేసుకొని కూర్చుంటే, మా మామ రోజూ మీసం దువ్వుకొని పనికి కూర్చోవడం మొదలుపెట్టాడు.

కానీ మా కారం ఆమెకు పడలేదు. మొదటి ముద్దకే ముక్కూ చెవులూ ఎర్రబడ్డాయి. పదిరోజుల నుంచి అరటిపండ్లు, బిస్కెట్లే. మనిషి సగమైంది. ఆమె మాటలు మాకు, మా మాటలు ఆమెకు చెప్పడానికి హైదరాబాదు నుంచి సుహాసిని అనే పిల్ల తోడొచ్చింది. శనివారం పొద్దున ఆ పిల్ల మామ దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది.

"తాతా, ఈమెకు తిండి సైస్తలేదు. రేపు పొద్దటి బస్సుకు పోతానంటున్నది."

మామ చేతిలోని రబ్బరు ముక్క కింద పడింది.

"మల్ల వస్తదా బిడ్డా?"

"రాదేమో తాతా."

మామ వంగి ఆ రబ్బరు ముక్కను ఏరుకున్నాడు. "వాళ్ళ దేశంల ఏం తింటరు?"

"ఆలుగడ్డలే. ఉడకబెట్టి, వెన్నేసి, పైన సోయకూర ఆకు వేసుకుంటరు."

"గంతేనా! ఆలుగడ్డ మనకు తెల్వనిదా!" మామ ముఖం వెలిగింది.

సుహాసిని ఆ వంట మొత్తం ఒక కాగితం మీద రాసిచ్చింది. తనకు పక్కూళ్ళో పనుందట, సాయంత్రానికి వస్తానని బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "కాగితంల ఉన్నది ఉన్నట్టు చెయ్యండి, మీ సొంత తెలివి పెట్టకండి" అన్నది.

ఉన్నది ఉన్నట్టు చేయడంలో మమ్మల్ని మించినవాళ్ళున్నారా?

మా ఆయన మొదటి మాట చదివాడు. 'అన్నీ ఒకే సైజు ఆలుగడ్డలు తీసుకోండి.' అంతే, టేపు మెడలో వేసుకొని లచ్చయ్య కూరగాయల బండి దగ్గరికి పోయాడు. ఒక్కొక్క గడ్డను అడ్డంగా, నిలువుగా కొలవసాగాడు.

"ఏంది భావయ్యా, రవికె కుట్టిస్తున్నవా?" అన్నాడు లచ్చయ్య.

"ఒక్కటే సైజు గావాలె."

"ఇవి భూమిల పెరిగినయి. ఇటుకబట్టీల కాలినయి కావు."

"భూమికి కొల్త రాకపోతే మేమేం జేస్తం?" అని మా ఆయన రెండు కిలోలు పట్టుకొచ్చాడు. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవదు. అప్పుడు మా అత్త తెలివి చెప్పింది. "చిన్నదాన్ని పెద్దగ జెయ్యలేం. పెద్దదాన్ని చిన్నగ జెయ్యలేమా?"

అన్నిటికన్నా చిన్నది గోలీకాయంత ఉంది. అందరం కత్తులు పట్టుకొని కూర్చున్నాం. మధ్యాహ్నానికి రెండు కిలోల ఆలుగడ్డలు రెండు దోసిళ్ళ గోలీలయ్యాయి. టేపు పెట్టి చూస్తే నూలుపోగంత తేడా లేదు.

అప్పుడు మా ఆయన రెండో మాట చదివాడు. 'తొక్క తీయకుండా ఉడికించండి.'

ఇంకేముంది, అందరం కింద కుప్పపడ్డ తొక్కల వైపు చూశాం.

"ముందుగాల ఎందుకు జదవలేదురా?" అన్నది అత్త.

"మొదటి పని గాకుండ రెండో మాట ఎట్ల జదువుతనే అమ్మా?"

అదీ నిజమే. మామ గొంతు సవరించుకున్నాడు. "తొక్క తియ్యొద్దంటే ఏంది? గడ్డకు తొక్క ఉండాలె. అంతేగద. కట్టుదాం."

అంతే, ట్యూబు రబ్బరు ముక్కలు వచ్చాయి. మామ ఒక్కో గోలీ మీద తొక్క చుట్టి, గవ్వల అంచుకు కట్టినట్టే మూడేసి కట్లు బిగించాడు. ముడి ఎక్కడుందో కనబడదు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో! "ఆలుగడ్డకు ఇంత పనితనం ఏ దేశంల జేస్తరు?" అని అత్త మెటికలు విరిచి దిష్టి తీసింది.

మూడో మాట: 'నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉండాలి.'

మాలో ఎవరూ సముద్రాన్ని చూడలేదు. చీరాలలో మా ఆయన మేనత్త కొడుకు వెంకటరత్నం ఉన్నాడు. ఫోన్ చేశాం.

"బావా, సముద్రం ఉప్పెంత?"

"ఏ సముద్రం బావా? ఒడ్డునున్నదా, లోపలిదా?" అన్నాడతను. మా రక్తమే గదా, ఆలోచించే మాట్లాడతాడు.

"ఏదైతేంది, రుచి చూసినవా?"

"మొన్న స్నానానికి పోయి ఒక గుక్క మింగాను. వెంటనే వాంతైంది."

"గది జెప్పు! కొల్త దొరికింది!" అని మా ఆయన ఫోన్ పెట్టేశాడు.

పొయ్యి మీద నీళ్ళలో గుప్పెడు ఉప్పేశాం. అత్త గరిటెతో రుచి చూసింది. "వస్తున్నదా?" అన్నాడు మామ. "రాలే" అన్నది. ఇంకో గుప్పెడు. "ఇప్పుడు?" "కడుపుల జర తిప్పుతున్నది, కని రాలే." అయిదో గుప్పెడుకు అత్త నోరు మూసుకొని పెరట్లోకి పరుగెత్తింది.

"వచ్చింది, వచ్చింది!" అని మరిది చప్పట్లు కొట్టాడు.

"సముద్రమే!" అన్నాడు మామ. ఆలుగడ్డలు ఉడికాయి. రబ్బరు కూడా ఉడికింది. ఇంటి నిండా పంచరు దుకాణం వాసన వచ్చింది. నార్వే వాసన ఇదే కాబోలనుకున్నాం.

నాలుగో మాట: 'వెన్న వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను మెల్లగా ఊపండి.' అయిదో మాట: 'సోయకూర అప్పటికప్పుడు కోసింది వేయాలి. ఎంత తాజాగా ఉంటే అంత రుచి.'

సోయకూర మడి ఊరి చివర రామక్క చేలో ఉంది. అక్కడ కోసి ఇక్కడికి తెచ్చేసరికి తాజాతనం దారిలోనే పోదూ? కాబట్టి గిన్నెనే మడి దగ్గరికి తీసుకుపోవాలి. ఊపడం కూడా కావాలి. పాతచీర ఉయ్యాలలా కట్టి, అందులో గిన్నె పెట్టి, కర్రకు తగిలించి, ముందు మా ఆయన, వెనక మరిది భుజాన వేసుకొని ఊపుకుంటూ నడిచారు. వెనకాలే అత్త, నేను నడిచాం; అత్త జోల పాడింది. ఆమెకు ఇంకా కడుపులో తిప్పుతూనే ఉంది పాపం, అయినా రాగం తప్పలేదు.

ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. "అండాలమ్మా, మనుమడా, మనుమరాలా?"

"ఆలుగడ్డలు" అన్నది అత్త.

మడి దగ్గర ఇంకో చిక్కొచ్చింది. కొడవలితో కోసి గిన్నెలో వేసేలోపు ఎంతసేపు? "కోస్తెనే గద వాడిపోయేది? కొయ్యకుంటే ఇంకా తాజా" అన్నాడు మరిది. వాడి బుర్ర చూసి మా ఆయన వీపు తట్టాడు. ఇంకేముంది, సోయకూర మొక్కలు నాలుగింటిని వేళ్ళతో, మట్టితో పెకలించి గిన్నెలో ఆలుగడ్డల మధ్య నాటారు. వాడకుండా రెండు దోసిళ్ళ నీళ్ళు కూడా పోశారు.

రామక్క పరుగెత్తుకొచ్చింది. "నా మడి! ఏం జేస్తున్రురా?"

"నార్వే ఆమె తింటదక్కా."

"నార్వేల మట్టి లేదారా?"

పొద్దుగూకే వేళకు సుహాసిని వచ్చింది. రాగ్నమ్మను పిలుచుకొచ్చి పీట వేశాం. మేమెవరమూ తినలేదు. ఇంటికొచ్చిన చుట్టం తిన్నాకే ఇంటివాళ్ళు తినాలన్నది మా పద్ధతి. గిన్నె మూత తీశాను. పచ్చగా మొక్కలు నిలబడి ఉన్నాయి. కింద వెన్న తేలే బురద, అందులో నల్లటి కట్లతో గోలీలు.

రాగ్నమ్మ గిన్నెను చూసింది. మమ్మల్ని చూసింది. మంచి మనిషి, ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. రబ్బరు సాగి టప్పున తెగి మరిది నుదుటికి తగిలింది. ఆమె రెండు చెంబుల నీళ్ళు తాగి, చేతులు జోడించి, వచ్చిన ఒక్క తెలుగు మాట "చాలు" అని పైగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడింది.

"ఏం తక్కువైందిరా? అన్నీ రాసినట్టే చేస్తిమి గద" అన్నాడు మా ఆయన. సుహాసిని తల పట్టుకొని కూర్చుంది.

మామ పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను. "ఈ అంచు నాతోనే పోతది కౌసల్యా" అన్నాడు. ఇరవై ఏళ్ళలో మామ నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను.

అత్త వాంతి చేసుకున్నాక ఏమీ తినలేదు. మంచం కిందికి దొర్లిపోయి టేపుకు దొరకని ఆలుగడ్డ ఒకటి కనబడితే, పొయ్యి నిప్పుల్లో కాల్చాను. బూడిద దులిపి, చిదిపి, కాస్త వెన్న, చిటికెడు ఉప్పు వేశాను. నా కొంగుకు అంటుకొని రెండు సోయకూర రెమ్మలుంటే కడిగి తుంచి వేశాను. పళ్ళెం పట్టుకొని లేచేసరికి రాగ్నమ్మ నీళ్ళ సీసాతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ముక్కు పైకెత్తి వాసన చూస్తున్నది.

పళ్ళెం ముందుకు చాపాను.

ఆమె నిలబడే తినేసింది. తర్వాత నేల మీద చతికిలబడి, ఇంకోటి అని వేలు చూపించింది. మా ఆయన లచ్చయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఆ కంగారులో టేపు కూడా మరిచిపోయాడు. వంకరవి, పొడుగువి ఏవి దొరికితే అవి తెచ్చాడు. ఆమె ఇంకో నాలుగు తిన్నది. తిని కళ్ళు తుడుచుకుంది.

"వాళ్ళమ్మ చేసినట్టే ఉన్నయంటున్నది" అన్నది సుహాసిని.

మాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మామ లేచొచ్చి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది బిడ్డా, ఏమనుకోవద్దని చెప్పు. అది కాగితంల లేదు. మా కోడలికి చదువు తక్కువ."

సుహాసిని ఆమెకు ఏం చెప్పిందో గాని, ఆమె పడీ పడీ నవ్వింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత సుహాసిని మామ వైపు తిరిగింది. "ఉంటదట తాతా. గవ్వల అంచు పూర్తిగ నేర్చుకున్నాకనే పోతదట. ఒక్కటే మాట అంటున్నది. ఇప్పటినుంచి నన్ను చుట్టం లెక్క చూడొద్దు, మీ ఇంటి మనిషే అనుకోండి అని."

"మాటిస్తున్న" అన్నాడు మామ. ఇంటి మనిషికి మాటలు చేరవేసేవాళ్ళెందుకని మామ అనడంతో సుహాసిని ఆ రాత్రి బస్సుకే హైదరాబాదు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను తెల్లవారకముందే లేచి పెద్దపళ్ళెం నిండా ఆలుగడ్డలు కాల్చాను. వెన్న, సోయకూర, ఉల్లికాడలు వేసి మధ్యలో పెట్టాను. అందరూ చుట్టూ కూర్చున్నారు. రాగ్నమ్మ ఆశగా చెయ్యి చాపింది. మామ ఆ చేతిని మెల్లగా పట్టుకొని ఆపాడు.

"ఆగు బిడ్డా. ఇంటోళ్ళం మనం ముందుగాల తినొద్దు. చుట్టం తిన్నంకనే."

"చుట్టమెవరు?" అన్నది అత్త.

అందరం ఒకరినొకరం చూసుకున్నాం. ఎటు చూసినా ఇంటివాళ్ళే. ఆలుగడ్డల మీద ఆవిరి పోతున్నది. రాగ్నమ్మ కడుపులో పేగులు అరవడం అందరికీ వినబడింది.

"కౌసల్యా, పోయి ఒక చుట్టాన్ని తీస్కరాపో" అన్నాడు మామ.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. అయినా ఆమె ఆకలి చూడలేక రోడ్డు మీదికి వెళ్ళాను. పొద్దటి బస్సు వస్తున్నది. రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాను. బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కక్కా, తొందరగ" అన్నాడు.

"నేనెక్కను. మీరే దిగండి. మా ఇంట్ల తినిపోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పాపం, పొద్దున్నే ఏమీ తినలేదేమో, వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. పీట వేశాం. పళ్ళెం ముందుకు జరిపాం. అందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం. ఆయన ఒక ఆలుగడ్డ చేతిలోకి తీసుకొని మొహమాటంగా నవ్వాడు.

"అయ్యో, ఇంత మర్యాద ఎందుకు పెద్దమనిషీ? నన్ను మీ ఇంటి మనిషే అనుకోండి."

అంతే. మామ ఆయన చేతిలోని ఆలుగడ్డను మెల్లగా తీసుకొని మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. రాగ్నమ్మ కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. బయట డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. నేను కొంగు సర్దుకొని, ఆ డ్రైవరును పిలవడానికి వెళ్ళాను.