పాతర మీద పిలిచే మనిషి

అనగనగా ఒక ఊళ్ళో, నేలలో గొయ్యి తవ్వి జొన్నలు దాచుకునే ఒక మెట్ట ఊళ్ళో, నాంచారమ్మ అని ఒకామె ఉండేది. ఇటు తిరగవే బుజ్జీ, నేను కథ చెప్పేది గోడకి కాదు.

నాంచారమ్మ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటు. పెరుగుకి ఉట్టి, పచ్చడికి జాడీ, చీరలకి భోషాణం, కందులకి అటక, కొర్రలకి గాదె, జొన్నలకి పెరట్లో పాతర. మాట దాచుకునే చోటు మాత్రం ఆమె దగ్గర లేదు. వచ్చింది వచ్చినట్టు అనేసేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఊళ్ళో గడప తొక్కేవాళ్ళూ లేరు.

గోడకి అవతల ఆమె తోడికోడలు మాణిక్యమ్మ ఉండేది. ఆమెకీ మొగుడు పోయాడు, ఆమెకీ పిల్లలు లేరు. ఇల్లు పంచుకున్న రోజు నాంచారమ్మ అంది కదా, "గొడ్డుదానికి గాదె ఎందుకే?" అని. తన కడుపు మాత్రం పండిందా? పండలేదు. అయినా అంది. ఆనాటి నుంచి మాటల్లేవు.

ఆ తర్వాత ఒక ఏడు వాన మొహం చాటేసింది. మొదట ఉట్టి ఖాళీ అయింది. అప్పుడు నాంచారమ్మ అటక ఎక్కింది, కందులు ఉన్నంతకాలం తింది. ఆ తర్వాత గాదె అడుగు ఊడ్చింది. ఇక మిగిలింది పాతర.

పాతర అంటే గాదెలా చెయ్యి పెట్టి తీసుకునేది కాదే తల్లీ. మూసిన గోతిలో చెడ్డ గాలి నిలుస్తుంది. దిగినవాళ్ళు కేక పెట్టకుండానే ఒరిగిపోతారు. అందుకని ఒకళ్ళు దిగితే ఒకళ్ళు పైన నిలబడి, తాడు పట్టుకుని, పిలుస్తూ ఉండాలి. కిందివాళ్ళు పలుకుతూ ఉండాలి. పలుకు ఆగిందా, తాడు లాగెయ్యాలి. ఒంటి మనిషి పాతర తియ్యకూడదు. అది ఆ ఊరి కట్టు.

నాంచారమ్మ బండ జరిపి, గాలి ఎట్లా ఉందో చూడ్డానికి దీపం దించింది. ఆరిపోయింది. మర్నాడు దించింది. ఆరిపోయింది. మూడోనాడు వెలిగింది. గింజ కదిపితే గాలి మళ్ళీ లేస్తుందని ఆమెకి తెలుసు. కాళ్ళకింద ఏడాది తిండి ఉంది. తనని పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. గోతి అంచున కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పుడు లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

"మాణిక్యం! పాతర తియ్యాలి."

గోడ అవతల నుంచి జవాబొచ్చింది. "ఊరంతా చచ్చిందా, నన్ను పిలిచావు?"

"ఊరు బతికే ఉంది. నాతో పలకదు."

మాణిక్యమ్మ వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఆమె పాతరా నిండుగానే ఉంది మరి, తెరవడానికి పైన మనిషి ఏరీ?

నాంచారమ్మ నడుముకి తాడు కట్టుకుని, గంప పట్టుకుని నిచ్చెన దిగింది. పైన చప్పుడు లేదు.

"ఏమే, పిలవ్వేం? చచ్చాననుకుంటావు!"

"చస్తే పీడా పోయిందనుకుంటా అక్కా!"

"ఉన్నానే!"

"ఉన్నావా?"

"ఆఁ, ఉన్నా!"

అప్పుడు మాణిక్యమ్మ గోతిలోకి వంగి, మెల్లిగా అడిగింది. "గొడ్డుదానికి గాదె ఎందుకన్నావు కదా. ఎట్లా అనగలిగావు అక్కా?"

కింద పలుకు లేదు.

"అక్కా?"

లేదు.

"అక్కోయ్!" అని గుండె పగిలేలా అరిచి, తాడు చేతులకి చుట్టుకుని లాగింది. అరచేతులు చీరుకుపోయాయి. నిచ్చెన మెట్లకి మోకాళ్ళు కొట్టుకుంటూ నాంచారమ్మ పైకొచ్చి పడింది. చేతిలో గంప ఖాళీ.

"గాలి తగిలిందా? చెప్పు, గాలి తగిలిందా?"

"లేదే. గాలి బాగానే ఉంది. నీకు చెప్పడానికి జవాబే లేకపోయింది."

మాణిక్యమ్మ ఆమె మొహంకేసి చూసింది. ఆ తర్వాత గంప తీసి ఆమె ఒళ్ళో విసిరింది. "అయితే మళ్ళీ దిగు. ఉత్త గంప తెచ్చావు."

ఆ రోజు ఒక పాతర తీశారు. గాలి తేరాక మాణిక్యమ్మదీ తీశారు. ఎవరి గింజ వాళ్ళు మోసుకుని, ఎవరి పొయ్యి వాళ్ళు వెలిగించుకున్నారు. ఒక్కపూట పిలుపుతో ఆ మాట మాసిపోతుందటే? పోదు.

మళ్ళీ పంట వచ్చింది. అప్పుడు మాణిక్యమ్మ తన పాతరని మట్టితో పూడ్చేసి, తన జొన్నలు తెచ్చి అక్క పాతరలో కలిపి పోసింది.

"పిచ్చిదానా, ఎవరి గింజ ఎవరిదో రేపు ఎట్లా తెలుస్తుందే?" అంది నాంచారమ్మ.

"తెలియక్కర్లేదు. బండ జరుపు," అంది మాణిక్యమ్మ.

ఇద్దరూ చెరో పక్కా పట్టి బండ మూసి, పైన పేడ మెత్తారు.

కథేమో కంచికి,
గింజేమో సంచికి,
కునుకేమో కంటికి,
పదవే మనం ఇంటికి.