గుడ్డు పెట్టిన గేదె

అనగనగా మల్లభూపతి అని ఒక రాజు. ఆయనకు కొడుకులు ఏడుగురు కాదర్రా, ముగ్గురే. పెద్దవాళ్లిద్దరూ కత్తిసాములో దిట్టలు. చిన్నవాడు కేదారుడు మాత్రం పశువుల దొడ్డి వదిలేవాడు కాదు. "గేదెలు కాసుకో పో!" అని పొద్దున లేస్తే రాజు తిట్టేవాడు.

ఇలా ఉండగా ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాజ్యపు రాకుమారి మందారవల్లిని ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. విడిపించబోయిన అన్నలిద్దరూ అక్కడ రాళ్లైపోయారు. కేదారుడికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని తనే పడవెక్కాడు.

"మూడు రూపాలెత్తుతాను," అన్నాడు దీవి ఒడ్డున ఎదురొచ్చిన మాంత్రికుడు. "పొద్దుగూకేలోగా మూడూ గుర్తుపట్టావా, అందరినీ తీసుకుపో. లేదా, నువ్వూ రాయివే!"

మందారవల్లి కిటికీలోంచి గొంతు తగ్గించి చెప్పింది. "వాడి ప్రాణం చిలకలో లేదు, ఒక గుడ్డులో ఉంది. ఎక్కడికెళ్లినా దాన్ని వదలడు."

మాంత్రికుడు కప్ప అయ్యాడు. చెరువు గట్టున ఎన్నో కప్పల మధ్య ఒక కప్ప తెల్లటి గుడ్డును కావలించుకుని కూర్చుంది. పక్కనున్న ముసలికప్ప మూతి విరిచింది. "మా గుడ్లకు పెంకెక్కడిది నాయనా? నీళ్లలో సగ్గుబియ్యం జావలా వదిలేస్తాం. పిల్లలు చేపల్లా తోకలతో ఈది, కాళ్లొచ్చాకే గట్టెక్కుతాయి."

"దొరికావు!" అన్నాడు కేదారుడు. చెయ్యి చాపేలోగా మాంత్రికుడు గుడ్డుతో సహా మాయం.

"పెంకున్న గుడ్డంటే తాబేలుదే," అనుకుని వాడు ఇసకలో తాబేలై, గుడ్డెక్కి పొదగడం మొదలుపెట్టాడు. అక్కడి అసలు తాబేలుకు నవ్వాగలేదు. "గుడ్లు ఇసకలో పాతి మా దారిన మేం పోతాం బాబూ. ఎండ కాగితే గానీ మా ఒళ్లే వెచ్చబడదు. మేం పొదగడమేమిటి, మా మొహం!"

"మళ్లీ దొరికావు!" అన్నాడు కేదారుడు.

మాంత్రికుడికి రోషం వచ్చింది. "అయితే ఒళ్లు వెచ్చగా ఉండే తల్లి కావాలన్నమాట!" అని గేదె అయ్యాడు. అదీ వాడి తెలివి!

కానీ ఈసారి చిక్కొచ్చిపడింది. నడుములోతు గడ్డిలో గేదెల మంద. గుడ్డు కనబడదు. పొద్దు వాలిపోతోంది. కేదారుడి కాలివేళ్లు అప్పుడే రాయవుతున్నాయి. అంతలో పక్కనే ఉన్న దొడ్లోంచి ఆకలిగొన్న దూడల అరుపులు వినిపించాయి. కుంటుకుంటూ పోయి దొడ్డి తలుపు తీశాడు.

దూడలు పరుగున వెళ్లి తమ తల్లుల పొదుగుల్లో మూతులు పెట్టాయి. ఒక్క గేదె దగ్గరికి మాత్రం ఏ దూడా పోలేదు.

"అదుగో మాంత్రికుడు!" అని కేదారుడు అరిచాడు. ఈలోగా తల్లి పాలన్నీ తాగేసిన ఒక తిండిపోతు దూడ ఆ గేదె పొదుగును కుమ్మి చూసింది. "పాలేవే? గుడ్డు పెట్టి పాలెగ్గొడతావా?" అని మళ్లీ కుమ్మింది. మాంత్రికుడికి చక్కిలిగింతలు పుట్టాయి. ఎగిరి గంతేశాడు. కాళ్లు ఎక్కడ పడ్డాయనుకున్నారు? గుడ్డు మీదే!

మాంత్రికుడి పీడ విరగడైంది. రాళ్లు మళ్లీ అన్నలయ్యాయి. మందారవల్లి నవ్వుతూ వచ్చి కేదారుడి మెడలో దండ వేసింది. పెళ్లిలో కప్ప నీళ్లకుండ కింద తడిలోనూ, తాబేలు వాకిట్లో ఎండలోనూ కూర్చున్నాయి. దూడ పాయసం గంగాళాన్ని వదల్లేదు.

కేదారుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో పెద్దలు పిల్లల్ని దీవించేటప్పుడు "గేదెలు కాసుకో నాయనా" అంటారు. అలా మొదట దీవించింది మల్లభూపతే.