అద్దెకొచ్చిన మేనల్లుడు

చిదంబరయ్యగారికి వాదన చేతకాదు. ఎవరు ఏ సందేహం అడిగినా ఆయన శాస్త్రం తియ్యరు, శ్లోకం చదవరు. కొబ్బరి ఈనెలు చీల్చి చీపురు కట్టుకుంటూ "చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది. జరిగినదాన్ని బట్టి అడిగినవాళ్లే తెలుసుకోవాలి. ఆయన దగ్గరికి ఏళ్ల తరబడి వస్తున్న శిష్యులకి జ్ఞానం ఏపాటి అబ్బిందో చెప్పలేం గాని, మేదరపాలెంలో ఆయన కట్టిన చీపురు లేని ఇల్లు మాత్రం లేదు.

ఒక గురువారం సాయంత్రం భజన అయ్యాక సీతారావమ్మ లేచి నిలబడింది.

"గురువుగారూ, పొట్టకోసం ఒక అబద్ధం ఆడాను. ఆడినా పొట్ట నిండలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఉండమంటారా, వదిలెయ్యమంటారా?"

చుట్టూ కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆ అబద్ధం సంగతి ఊళ్లో సగంమందికి తెలుసు. తెలియనిది ఒక్క గ్రామ సచివాలయం వాళ్లకే.

సీతారావమ్మకి భర్త పోయాక మిగిలినవి రెండు గదుల పెంకుటిల్లు, నెలనెలా వచ్చే వితంతు పింఛను. పింఛను మందులకీ కరెంటుకీ సరిపోయేది. తిండికి తడుముకోవాల్సి వచ్చేది. అందుకని వీధివైపు గది గంగరాజుకి అద్దెకిచ్చింది. గంగరాజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో ఉద్యోగి, పెళ్లి కాలేదు, వంట తనే చేసుకుంటాడు. నోరారా "మామ్మగారూ" అని పిలుస్తాడు. అతని అద్దెతో ఆవిడ ఇంట్లోకి మళ్లీ పాలు వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో రాసుకుంటున్నారని కబురు వచ్చింది. పక్కింటి నాగరత్నం గోడ మీదనుంచి తల పెట్టి హెచ్చరించింది.

"అద్దె వస్తోందని నోరు జారావా, పింఛను గోవిందా! చుట్టమని చెప్పు వదినా. చుట్టానికి అద్దేమిటి, ఎవరడుగుతారు?"

సచివాలయం నుంచి వచ్చిన పిల్ల కొత్తది, ఊరు తెలియనిది. పేరు హేమలత. గుమ్మంలో నిలబడి "ఈయనెవరు మామ్మగారూ?" అని అడిగేసరికి సీతారావమ్మకి నాగరత్నం హెచ్చరికే గుర్తొచ్చింది. భయంలో మనిషి అవసరానికి మించి మాట్లాడుతుంది.

"మా తమ్ముడి కొడుకమ్మా. నా చేతుల్లో పెరిగాడు. నా పొయ్యి మీద వండిందే తింటాడు, నా ఇంట్లోనే పడుకుంటాడు. వాడు వేరు, నేను వేరూనా!"

సీతారావమ్మకి అసలు తమ్ముడే లేడు.

హేమలత చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకుని వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది. అసలే ఈ మధ్య కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతోంది. ఎవరికి ఏం చెప్పానో మరిచిపోతే? పొద్దున్నే పళ్లు తోముకుంటూ "తమ్ముడి కొడుకు, తమ్ముడి కొడుకు" అని జపం చేసుకునేది. అయినా రేషను షాపు దగ్గర ఎవరో అడిగితే "మా అక్క కొడుకు" అనేసింది. షాపతను బియ్యం తూస్తూ, "మొన్న అత్తా అని పిలిచాడు, ఇవాళ పిన్నీ అని పిలవాలి కాబోలు పాపం. గంగరాజుకి కాస్త ముందుగా చెప్పండమ్మా, ఇబ్బంది పడతాడు" అన్నాడు. ఆవిడకి ఆ రోజు అన్నం సయించలేదు. తర్వాత మరి సయించనేలేదు. కంచం ముందు కూర్చునేది, రెండు ముద్దలు కలిపి లేచేది.

మరుసటి ఒకటో తారీకున వీధిలో అందరి గుమ్మాల ముందూ ఆగి పింఛను ఇచ్చిన హేమలత, సీతారావమ్మ గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఎందుకని అడగడానికి ఆవిడకి నోరు రాలేదు. అడిగితే తమ్ముడి పేరు అడుగుతారేమో! అద్దె సంగతి బయటపడిందనే అనుకుంది. నాగరత్నం మళ్లీ గోడెక్కింది. "ఎవరో గిట్టనివాళ్లు చెప్పుంటారు. నువ్వు మాత్రం మాట మార్చకు వదినా. మార్చావంటే రేషను కార్డు కూడా లాక్కుంటారు."

ఇదీ ఆవిడ గురువుగారి ముందు నిలబడిన సందర్భం.

చిదంబరయ్యగారు అంతా విని, ఈనె మీదనుంచి కన్నెత్తకుండా అన్నారు.

"చూద్దాం. వచ్చే గురువారం మీ మేనల్లుణ్ణి తీసుకురా."

గంగరాజు వచ్చాడు. భజన అయ్యాక గురువుగారు అతన్ని పిలిచి సీతారావమ్మ పక్కనే చాప మీద కూర్చోబెట్టారు.

"ఏం నాయనా, ఈవిడ నీకేమవుతుంది?"

గంగరాజు ఆవిడవైపు చూశాడు. ఆవిడ చాపవైపు చూసింది. "అత్తే అనుకోండి" అన్నాడు.

"మరి అత్తకి అద్దె ఇస్తున్నావట. తప్పు కాదూ? సొంత అత్త దగ్గర అద్దెకున్న మేనల్లుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఈ నెల నుంచి ఇవ్వకు."

"చిత్తం" అన్నాడు గంగరాజు బుద్ధిగా. "అయితే వంట కూడా మానేస్తాను గురువుగారూ. అత్త ఉండగా నేను వండుకోవడం ఆవిడకే పరువు తక్కువ. అత్తా, ఆదివారం కోడికూర వండుతావా?"

జనం గొల్లుమన్నారు. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని సీతారావమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

గురువుగారు నవ్వలేదు. "నవ్వకండర్రా. ఆవిడ పెద్దదయింది. వస్తువు ఎక్కడ పెట్టిందో మరిచిపోతోంది. ఇంట్లో చెట్టంత మగపిల్లాడు ఉండగా ఇంటి బరువు ఆవిడకెందుకు? సీతారావమ్మా, ఆ తాళాలగుత్తి ఇతని చేతికియ్యి. నీ తర్వాత ఎలాగూ ఇల్లు ఇతనిదే. నలుగురి ముందూ ఆ మాట కూడా అనెయ్యి."

గంగరాజు చెయ్యి చాపాడు.

ఆవిడ బొడ్డున దోపుకున్న గుత్తిని రెండు చేతులా పట్టుకుంది. నాగరత్నం వెనకనుంచి కళ్లతో సైగ చేస్తూనే ఉంది, ఒప్పుకో, ఒప్పుకో అని. ఉన్నట్టుండి సీతారావమ్మ అరిచేసింది.

"ఇతను నాకేమీ కాడు! నాకు తమ్ముడూ లేడు, అక్కా లేదు. నా వీధిగది అద్దెకిచ్చాను, అద్దె తీసుకుంటున్నాను. ఇల్లు నాది. పింఛను పోతే పోనీండి!"

అని, తన గొంతు తానే విని ఆశ్చర్యపోయి కూర్చుంది.

గంగరాజు చెయ్యి వెనక్కి తీసుకుని, "హమ్మయ్య, ఇక మళ్లీ మామ్మగారూ అనే పిలుచుకోవచ్చు. అత్తా అన్నప్పుడల్లా నాలుక మడతపడుతోంది" అన్నాడు.

"ఈ మాట ఇక్కడ చెప్పి ఏం లాభం?" అన్నారు గురువుగారు. "వినవలసినవాళ్లు వేరేచోట ఉన్నారు."

సోమవారం పొద్దున్నే సీతారావమ్మ ఉతికిన చీర కట్టుకుని సచివాలయానికి వెళ్లింది. గంగరాజు తోడు వస్తానంటే వద్దంది. హేమలత బల్ల ముందు నిలబడి, చాపమీద అన్న మాటలే మళ్లీ అంది. ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోతానన్న భయం కూడా కలగలేదు.

హేమలత నోరు తెరుచుకుని చూసింది.

"అయ్యో మామ్మగారూ! మీ పింఛను ఆగింది అద్దె వల్లనుకున్నారా? ఆ చిన్న అద్దె వల్ల పోదు. మీరు ఆయన్ని మీ కుటుంబంలో కలిపారు కదా. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే పింఛను రాదు. చుట్టమన్నారు, అందుకని ఆగింది. అద్దెకున్నాడని ఆ రోజే చెప్పి ఉంటే అసలు ఆగేదే కాదు!"

"అయితే వస్తుందా అమ్మా?"

"ఇప్పుడే చెప్పలేను. విచారణకి వస్తారు. మీరు మాట మార్చారని ఒప్పుకోకపోవచ్చు కూడా."

"రానియ్యి" అంది సీతారావమ్మ. "గది చూపిస్తాను. పొయ్యి చూపిస్తాను."

ఇంటికి వచ్చి గోంగూర పచ్చడి నూరుకుంది. ఉల్లిపాయ కొరుక్కుంటూ, మారు వడ్డించుకుని మరీ తింది.

విచారణకి అధికారి వచ్చాడు. వీధిగదికి వేరే గుమ్మం చూశాడు, వేరే పొయ్యి చూశాడు, ఆ పొయ్యి మీద ఉడుకుతున్న కోడిగుడ్లు చూశాడు. సీతారావమ్మ దూరంగా నిలబడి, "ఇప్పుడు చెప్పండి బాబూ, ఆ గిన్నె నా ఇంటి గిన్నేనా?" అంది. ఆయన నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాడు.

ఒకటో తారీకున హేమలత ఆవిడ గుమ్మం ముందు ఆగింది. ఆగిపోయిన నెలది కూడా కలిపి చేతిలో పెట్టింది. సీతారావమ్మ ఆ నోట్లు కొంగున ముడేసుకుని, వీధి మధ్యన, అందరికీ కనిపించేలా నడిచి గురువుగారి దగ్గరికి వచ్చింది. దారిలో నాగరత్నం ఎదురైతే తనే నవ్వుతూ పలకరించింది.

"గెలిచాను గురువుగారూ! నిజం చెప్పాను, పింఛను వచ్చింది!"

చిదంబరయ్యగారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు.

"మనిషి కాస్త తేరుకున్నావే. అన్నం సయిస్తోందా?"

"సుబ్బరంగా."

"ఎప్పటినుంచి?"

ఆవిడ ఆలోచించుకోనవసరం లేకపోయింది. "సచివాలయానికి వెళ్లొచ్చిన సోమవారం నుంచి."

"అప్పటికి పింఛను రాలేదు కదా" అన్నారు గురువుగారు.