కొండమ్మ చెయ్యి

అనగనగా, మీ తాతకి తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, భీమోజు ఇంటి వసారాలో ఒక తరిమెన ఉండేది. తరిమెన అంటే ఇప్పటి లేతు మిషనుకి అమ్మమ్మ అనుకోండి. కాలితో తొక్కితే పెద్ద చక్రం తిరుగుతుంది. చక్రంతో పాటు ఇనుప కడ్డీ తిరుగుతుంది. భీమోజు ఉలి ఆనించి దాన్ని నునుపు చేస్తాడు. చుట్టుపక్కల సాలెల మగ్గాలకు కడ్డీలన్నీ అక్కడివే.

పొట్టి కడ్డీతో పేచీ లేదు. పొడుగు కడ్డీ ఉంది చూశారూ, అది మధ్యలో వణుకుతుంది. వణికిందా, పని పాడు. అందుకని భీమోజు పెళ్ళాం కొండమ్మ ఎదురుగా కూర్చుని, నూనె రాసుకున్న చేత్తో కడ్డీని మధ్యలో పట్టుకునేది. అతను తొక్కేవాడు, ఆమె పట్టేది. ఇనుము వేడెక్కి అరచెయ్యి బొబ్బలెక్కేది. అయినా మర్నాడు మళ్ళీ నూనె రాసుకుని కూర్చునేది, అలాంటి మనిషి.

ఒకరోజు అన్నం కలపబోయి, మంటకి చెయ్యి వెనక్కి తీసుకుంది. భీమోజు చూశాడు.

మొదట ఆమె అరచేతికి అరిటాకు చుట్టాడు. కమిలిపోయింది. తర్వాత తోలుముక్క పెట్టాడు. జారిపోయింది. మూడోసారి పాత పంచె చింపి, చేతికి చుట్టి, జారకుండా గట్టిగా ముడి వేశాడు.

"ఇప్పుడు కాల్తందేటే?" అని అడిగాడు.

"నేదు మావా. సల్లగుంది," అంది కొండమ్మ.

ఆ ముడి నిండా ప్రేమే. ఆ ప్రేమే కొంప ముంచింది. గుడ్డ కొస కడ్డీకి చుట్టుకుంది. ఉత్త చెయ్యయితే లాక్కునేదే. ముడి వదల్లేదు. భీమోజు కాలు తీసేశాడు గానీ, అంత పెద్ద చక్రం అంత తొందరగా ఆగదు కదా.

చెయ్యి కడ్డీతో పాటు మెలిపడి నలిగిపోయింది. కొండమ్మ మూడు రోజులే బతికింది. మొదటిరోజు నీళ్ళడిగింది. రెండోరోజు, "ముడి నానే ఎయ్యమన్నాను మావా," అని అబద్ధమాడింది. మూడోరోజు, "ఆ కడ్డీ కాడ ఇంకెవుల్నీ కూకోబెట్టకు," అంది. అంతే, పోయింది.

భీమోజు తొక్కడం మానేశాడు. సాలెలు వచ్చారు. "కడ్డీలు నేక మగ్గాలాగిపోనాయి. పట్టుకోడానికి మా మనిసిని పంపుతాం," అన్నారు.

"అది ఒద్దంది," అన్నాడు భీమోజు.

ఇనుప పట్టీని కడియంలా వంచి, కడ్డీ దానిలోంచి పోయేలా తరిమెన మధ్యలో నిలబెట్టి బిగించాడు. లోపల కడ్డీకి ఆనేలా, చింతచేవతో చేసిన చెక్క వేలు ఒకటి పెట్టాడు. కడ్డీ పక్కకి పోయింది. రెండు పెట్టాడు. పైకెగిరింది. మూడు పెట్టి బిగించాడు. పొగలొచ్చాయి. అప్పుడు తట్టింది, కొండమ్మ కడ్డీని ముట్టుకునేది గానీ నొక్కేది కాదు. మూడు వేళ్ళూ కాస్త కాస్త వదులు చేశాడు. కడ్డీ వణకడం మానేసింది. భీమోజు ఆ కడియం మీద తల పెట్టి ఏడ్చాడు. ఒక్క నెల ముందు ఈ బుద్ధి పుట్టి ఉంటే ఆమె బతికేది, అదీ అతని ఏడుపు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో, ఇంట్లో లేతు పెట్టుకున్నవాళ్ళు, తమ మిషను కొలతకి తామే ఆ కడియం చేసుకుంటారు. దాన్ని కొండమ్మ చెయ్యి అంటారు. మూడు వేళ్ళకీ మూడు చుక్కల నూనె వేశాకే మిషను తిప్పుతారు. తిరుగుతుండగా ఎదుటి వైపు ఎవరు వచ్చి నిలబడినా, కట్టుకున్న పెళ్ళామే అయినా, చేతిలో పని ఆపేస్తారు.

"అది కొండమ్మ చోటు. నువ్విటు రా," అంటారు.