తీగ కట్టిన బావి

అనగనగా ఒక అడవిలో, దుందుభి నామ సంవత్సరం చైత్ర బహుళ పంచమి, మంగళవారం. ఆకు కదలడం లేదు. పొద్దు పొడవగానే ఎండ నెత్తికెక్కి కూర్చుంది. రాళ్లదిబ్బ కింద కొత్త బావిలో ఆ రోజే నీళ్లు పడ్డాయి.

బావి తవ్వింది ఏదుపంది సూరమ్మ, ఆమెతో పాటు కుందేళ్లు. లోపల కట్టడానికి రాళ్లిచ్చింది ఏటి అవతలి ఏనుగు దంతులయ్య. ఇచ్చాడు, కాదనకూడదు. మంచి రాళ్లే. అంతవరకు దిబ్బవాళ్లు గేదెలు పొర్లే మడుగు నీళ్లే తాగేవాళ్లు. ఆ నీళ్లను గుడ్డలో వడగడితే మట్టి పోతుంది గాని రోగం పోదు పిల్లలూ. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఈ మాట మరిచిపోతుంటారు. సరే, కథలోకి వద్దాం. సూరమ్మ చిన్నకూతురు రవణికి అప్పటికే విరేచనాలు పట్టుకున్నాయి.

సూరమ్మ కడవ ముంచబోయింది. ఏనుగు దగ్గర పెత్తనం చేసే నక్క అడ్డొచ్చాడు. అప్పటికే బావి చుట్టూ పూలతీగ కట్టేశాడు.

"ఆగు సూరమ్మా! దొరగారు వచ్చి తీగ తెంపాలి. అప్పటిదాకా చుక్క ముట్టకూడదు."

"పిల్లకు బాగాలేదు నక్కన్నా. ఒక్క దోసెడు!"

"అందరూ ఒక్కో దోసెడంటే ఇక ప్రారంభోత్సవం దేనికమ్మా, బురదకా? దానం చేసినాయన మర్యాద కాస్త చూడొద్దూ?"

మర్యాద అనేసరికి సూరమ్మ వెనక్కి తగ్గింది. రాళ్లు మోసిన తొండం కదా అనుకుంది.

శుక్రవారం వస్తానన్న దొర రాలేదు. స్నానం ఆలస్యమైందట. సోమవారం రాలేదు. ఘడియలు బాగాలేవట. గురువారం బయలుదేరి, దారిలో పూలు చల్లేవాళ్లు తక్కువయ్యారని సగంలోనే వెనుదిరిగాడు. మూడుసార్లూ సూరమ్మ మడుగు నీళ్లే తెచ్చి పిల్ల నోట్లో పోసింది. మూడోసారి రవణి మింగలేదు.

పిల్లను మట్టిలో పెట్టి సూరమ్మ తిన్నగా బావి దగ్గరికి వచ్చింది. ఒంటిమీద ముళ్లన్నీ నిక్కాయి. తీగను పటుక్కున కొరికింది.

"ఎంత ధైర్యమే నీకు!" అన్నాడు నక్క.

"ఈ ధైర్యం తొమ్మిది రోజుల కిందట రాలేదురా, అదే నా ఏడుపు. తప్పుకో! ఇంకో మాటంటే నా ముళ్లు నీ మూతిలో ఉంటాయి."

నక్క తప్పుకున్నాడు. కుందేళ్లు తాగాయి. వాటి పిల్లలు తాగాయి.

మర్నాడు దంతులయ్య ఘీంకరిస్తూ వచ్చాడు. "నా బావిని నేను లేకుండా తెరుస్తారా?"

"రాళ్లు నీవి. కావాలంటే పీక్కుని పో. మరి నా రవణిని ఎవరు తెచ్చిస్తారు?"

ఏనుగు గొంతు తగ్గింది. "పిల్లకు జబ్బని నాకెవరూ చెప్పలేదు సూరమ్మా."

"నువ్వు అడిగావా దొరా? పూల సంగతి అడిగావు. ఘడియలు అడిగావు. దాహం సంగతి ఒక్కసారైనా అడిగావా?"

దంతులయ్య వెనక్కి తిరిగాడు. వచ్చిన దారినే పోయాడు.

చాలా ఏళ్లకు సూరమ్మ కన్నుమూసింది. కడవ, తాడు పెద్దకూతురికి వచ్చాయి. బావి దిబ్బవాళ్లందరికీ, దారిన పోయేవాళ్లకీ దక్కింది. మడుగు గేదెలకు మిగిలింది. నక్కకు పెత్తనం పోయింది. రవణికి మాత్రం ఏమీ రాలేదు, ఒక్క దోసెడు నీళ్లు కూడా.

నీతి: దాహంతో ఉన్నవాణ్ణి తన సన్మానం కోసం ఆగమనేది దానం కాదు. అలాంటి మర్యాదకు ఒక్క పూట కూడా తల వంచకండి.