తోకనుంచి మొదలైన పిల్లలు

ఏరు సముద్రంలో కలిసేచోట బురదనేల ఉంది. అక్కడ ఒక మడచెట్టు వేరు పక్కన గొట్టంలాంటి బొరియ చేసుకుని నూకయ్య అనే సముద్రపు పురుగు కాపురముంటోంది. వేలెడు పొడుగు, ఒంటికి రెండు పక్కలా బోలెడు బుల్లి కాళ్ళు, నాలుగు కళ్ళు, వాటన్నిటికీ సరిపడా భయం. ఆ జాతిలో ఒక ఆనవాయితీ ఉంది. ఆడది గుడ్లు పెట్టి కన్నుమూస్తుంది. ఆపైన వాటిని పొదువుకుని కూర్చోవలసింది తండ్రే. మూడు వారాలు తిండి మాట తలపెట్టకూడదు. ఒళ్ళు అలలా ఊపుతూ బొరియలోకి కొత్తనీరు తోస్తూనే ఉండాలి. ఆపితే గుడ్లకు ఊపిరాడదు.

నూకయ్య భార్య పోయి నాలుగు రోజులైంది. పాపం, కరువుతీరా ఏడవడానికైనా తీరిక లేదు. రెండువందల గుడ్లు! పైనుంచి చూస్తే లోపలున్న పిల్ల కనిపించేంత పల్చటి గుడ్లు. వాటిని చూసుకుంటూ, ఊగుతూ ఆకలి మరిచిపోతున్నాడు.

ఆ పొద్దున పోటునీరు ఇంకా చీలమండలోతు కూడా రాకముందే పీత వీర్రాజు అడ్డంగా నడుచుకుంటూ వచ్చాడు. ఆ బురదలో వీర్రాజుకి పెద్దమనిషని పేరు. ఎవరింట గుడ్లున్నా పిలవకుండానే వచ్చి, మంచీచెడ్డా చెప్పి పోతుంటాడు.

"ఏం నూకయ్యా, మీ ఆవిడ సంగతి ఇప్పుడే తెలిసింది. మనసు పాడైపోయిందనుకో. సర్లే, పిల్లల్ని ఓసారి చూడనీ."

"చూడండి రాజుగారూ. నాకిదే మొదలు. ఏది ఎలా ఉండాలో ఏం తెలీదు."

ఆ ముక్క వినగానే వీర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. కాడల చివరనున్న కళ్ళు రెండూ ముందుకు చాచి, గుడ్లను అటూ ఇటూ చూసి, "చ్చొ చ్చొ" అన్నాడు.

"ఏమైందండీ?" నూకయ్య ఊగడం ఆపేశాడు.

"నువ్వు ఊగవయ్యా, ఊగుతూనే విను. ఈ పది పిల్లల్లో సన్నటి పోగులా నరం పుట్టింది. కనిపిస్తోందా? ఎక్కడ పుట్టింది?"

"తోక కొసన."

"మరి తల దగ్గరో?"

"అక్కడింకా ఏమీ లేదండి."

"అదీ సంగతి! నరమన్నది తలలో పుట్టి కిందికి దిగాలి. ఎక్కడైనా అంతే. ఇదేంటిది, ఇల్లు కట్టకుండా దొడ్డిగుమ్మం పెట్టినట్టు? వీటికి తల రాదు నూకయ్యా. తల లేనివాటికి తెలివుండదు, ముట్టుకున్నా తెలీదు. పైగా ఇది అంటుజబ్బు. ఇవాళ పది, రేపు నలభై."

నూకయ్యకి కాళ్ళు చల్లబడ్డాయి. కాళ్ళు ఎక్కువ కాబట్టి చల్లబడడానికి కాసేపు పట్టింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"లోతునీళ్ళలో ఇలాంటి పిల్లల్ని బాగుచేసేవాళ్ళున్నారు. దగ్గరుండి నేనే దించొస్తాను. నాకిదేమన్నా సరదానా? నీ మొహం చూసి చేస్తున్నాను."

నూకయ్య ఆ పది గుడ్లనూ ఒక్కొక్కటే ముందుకు నెట్టాడు. పదోదాన్ని నెట్టేటప్పుడు కాస్త ఆగాడు కానీ, మిగతా నూటతొంభై గుర్తొచ్చి దాన్నీ ఇచ్చేశాడు.

"రేపు పొద్దుటి పోటుకి వస్తాను. అంటుకున్నవి పక్కకి తీసి ఉంచు" అని చెప్పి వీర్రాజు చకచకా వేరు చాటుకి వెళ్ళిపోయాడు.

ఎండెక్కేసరికి ఇంకో ముప్ఫై పిల్లల్లో తోకన పోగు కనిపించింది. నూకయ్య ఇక ఆగలేక గట్టిగా ఏడ్చేశాడు. అప్పటికి నీరు వేరు పైదాకా ఎక్కింది. ఆ వేరుకి అతుక్కుని బతుకుతున్న ఆల్చిప్ప సింహాలమ్మ, నీళ్ళు ఒంటికి తగలగానే చిప్ప తెరిచింది. నీరు తీసినంతసేపూ బిగించుకుని ఉంటుంది కాబట్టి ఆవిడకి పొద్దుటి సంగతులేవీ తెలీవు.

"ఎవరా ఏడుపు? నూకయ్యేనా?"

"నేనే మామ్మా. నా పిల్లలకి జబ్బు చేసింది. నరం తోకనుంచి పుడుతోంది. పదిమందిని రాజుగారు లోతునీళ్ళకి తీసుకెళ్ళారు."

సింహాలమ్మ గొంతు తగ్గించింది.

"నాయనా, ఆ పదిమందీ ఇక రారు. ఇందాక నేను చిప్ప తెరిచేసరికి నీళ్ళలో గుడ్ల జిగురు తేలుతోంది. ఎవరివోలే అనుకున్నాను. వాడు లోతుకీ వెళ్ళలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ వేరు వెనకే కూచుని తినేశాడు."

నూకయ్య మిగిలిన గుడ్లన్నిటినీ ఒంటికిందికి లాక్కున్నాడు.

"ఇంకో మాట కూడా విను. నీకు ముందు ఈ వేరు పక్కన తొమ్మిదిమంది తండ్రులు పిల్లల్ని పెంచారు. అందరూ నాతోనే చెప్పుకునేవారు. మామ్మా, తోకన పోగొచ్చింది. మామ్మా, పొట్టకింద నుంచి ముందుకి పాకుతోంది. మామ్మా, తలవైపు నుంచి ఇంకో పోగు ఎదురొచ్చి కలిసింది. మీ వాళ్ళకి ఎప్పుడూ అంతే. పెద్దవల వేసేవాళ్ళు ముందు ఒక తాడు ఒడ్డుకి చేర్చుకోరూ? ఆ తోకపోగు అలాంటిది. తర్వాత పుట్టే నరాలన్నీ దాని వెంటే నడుస్తాయి. మెదడు వచ్చి అన్నిటినీ అందుకుంటుంది."

"అయితే... ఆ పదిమందికీ జబ్బు లేదా?"

"జబ్బా! అందరికన్నా ముందు ఎదిగినవాళ్ళు వాళ్ళు."

నూకయ్య గుండె చెరువైపోయింది. తన పిల్లల్లో పెద్దవాళ్ళని తనే ఏరి మరీ అప్పగించాడు. ఆ బాధలోనే జీవితంలో మొదటిసారి అతనికి కోపమొచ్చింది.

"రేపు మళ్ళీ వస్తాడు మామ్మా. నా దగ్గర వాణ్ణి ఆపే బలం లేదు."

"నా దగ్గరుంది. తల లేనివాళ్ళకి ముట్టుకున్నా తెలీదన్నాడా? నాకెక్కడేడ్చింది తల? ఇన్నేళ్ళూ ఎలా బతికాననుకున్నాడో! వాణ్ణి నీళ్ళు నాదాకా వచ్చేవరకూ మాటల్లో పెట్టు చాలు."

మర్నాడు చీలమండలోతు నీటికే వీర్రాజు దిగాడు. "తీసి ఉంచావా?"

"ఉంచాను రాజుగారూ. ముందు కూర్చోండి. నిన్నటివాళ్ళు ఎలా ఉన్నారు?"

"బ్రహ్మాండంగా ఉన్నారు. ఒకడికి తల మొలుస్తోంది కూడా."

నూకయ్య వెంటనే అందుకున్నాడు. "ఏం తింటున్నారు? అక్కడ నీళ్ళు చల్లగా ఉంటాయా? నన్ను అడుగుతున్నారా?" ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. వీర్రాజు అబద్ధం మీద అబద్ధం చెప్తూనే ఉన్నాడు. ఈలోగా నీరు మెల్లగా వేరు పైకి ఎక్కింది.

"ఇంతకీ పిల్లలేరయ్యా?" వీర్రాజు విసుక్కున్నాడు.

"మిగతావాటికి అంటుకుంటుందని సింహాలమ్మ చిప్పలో పెట్టానండి."

"ముసల్ది ఒప్పుకుందా?"

"ఆవిడకి తల లేదు కదండీ! మీరన్నట్టు తెలివుండదు, ముట్టుకున్నా తెలీదు. చెయ్యి పెట్టి తీసేసుకోండి."

నూకయ్య ఒళ్ళంతా వణుకుతోంది. అయితే గుడ్లకోసం రోజంతా ఊగే ఒళ్ళు కాబట్టి వీర్రాజుకి తేడా తెలియలేదు. ఊరందరి దగ్గరా చెప్పీ చెప్పీ ఆ మాట వీర్రాజుకే నిజమైపోయింది. తెరుచుకున్న చిప్పని చూసి లొట్టలేస్తూ, పటకారుల్లాంటి తన రెండు డెక్కల్లో పెద్దదాన్ని మొదలంటా లోపలికి దూర్చాడు.

చిప్ప ఠక్కున మూసుకుంది.

"అమ్మో! వదలవే! నీకెలా తెలిసింది?"

చిప్ప మూసుకుని ఉన్న సింహాలమ్మ ఏం జవాబు చెప్తుంది? నూకయ్యే చెప్పాడు. "తెలుసుకోవడానికి అందరికీ తలే కావాలా రాజుగారూ?"

వీర్రాజు లాగాడు, తన్నాడు, తిట్టాడు, చివరికి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం కూడా ఒంటిచేత్తోనే పెట్టవలసొచ్చింది. పొద్దు వాలింది. నీరు తీసేసింది. బురద బయటపడగానే అవతలి గట్టునుంచి ఒక కొంగ తీరిగ్గా అడుగులేసుకుంటూ రావడం మొదలుపెట్టింది. పీతలంటే దానికి ప్రాణం. అది పది అడుగుల దూరంలోకి వచ్చేసరికి వీర్రాజుకి దారి ఒక్కటే కనిపించింది. పీతలన్నీ ప్రాణం మీదికొస్తే చేసే పనే చేశాడు. డెక్కని మొదలు దగ్గర విరిచేసుకుని, దాన్ని చిప్పలోనే వదిలేసి, పడుతూ లేస్తూ పారిపోయాడు.

ఆ తర్వాత వీర్రాజు ఎవరి గుమ్మం ముందు నిలబడినా, "డెక్క ఏమైంది రాజుగారూ?" అని అడిగి తలుపు వేసుకోవడం ఆ బురదలో మర్యాద అయిపోయింది.

నీతి: ఇంకా తయారవుతున్నదాన్ని చూసి పనికిరాదని తేల్చేసే పెద్దమనిషి, దాన్ని ఏం చేసుకుందామని వచ్చాడో ముందు కనుక్కోవాలి.